అంతా మేనమామ పోలికే

మనిషి పైకి రావాలంటే పుట్టుకతో వచ్చిన తెలివి ముఖ్యమా, పడ్డ కష్టం ముఖ్యమా అని మేధావులంతా ఇంకా కొట్టుకు చస్తున్నారు గానీ మా కోనసీమలో ఈ కేసు ఎప్పుడో తేల్చేశామండి. కుర్రోడికి ర్యాంకొస్తే తాత పోలిక, రాకపోతే మేనమామ పోలిక. అంటే తెలివి తండ్రి వైపు నుంచి, బద్ధకం తల్లి వైపు నుంచి వస్తాయన్నమాట. వాళ్ళమ్మని విడిగా అడిగితే రిపోర్టు తిరగబడుద్దనుకోండి, ల్యాబు మారితే రిజల్టు మారదా ఏంటి.

సామెతలు కూడా రెండు రెడీగా ఉంటాయి మా దగ్గర. పక్కింటోడు ఫెయిలైతే "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు", మనోడు పాసైతే "కృషితో నాస్తి దుర్భిక్షం". పొరపాట్న కూడా తారుమారు చెయ్యకూడదు.

ఈ రెండో సామెత మీదే నాకు చిన్న డౌటు. 1833 ప్రాంతంలో ఇదే గోదారి పక్కన జనం తిండి లేక మాడి చచ్చారు, పాపం వాళ్ళకి కృషి చేతకాలేదు కాబోలు. తర్వాత కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేయించాడు, కాలవలొచ్చాయి, ఇంక చూస్కోండి, ఆ చచ్చినోళ్ళ వారసులకి కష్టపడే గుణం ఏకంగా రక్తంలోకి దిగిపోయింది! ఇప్పుడెవర్ని కదిపినా "మాది మొదట్నుంచీ కష్టపడే నేచరండి, ఆయ్" అంటారు. కాలవ మొదట్లో తూము కింద పొలం ఉన్నోళ్ళకి ఈ నేచర్ మరీ ఎక్కువ. శివారు భూములోళ్ళకి కాస్త తక్కువ, దాళ్వాలో, అదే రెండో పంటలో, నీళ్ళందక వంతు కోసం అర్ధరాత్రి టార్చిలైటేసుకుని గట్టు మీద దోమల్లో కూర్చుంటారు చూడండి, అది మాత్రం కష్టం లెక్కలోకి రాదు. 2011లో గిట్టుబాటు కాక ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా ఎవరి రక్తంలో ఏం తగ్గిందో ఏ డాక్టరూ టెస్టు చెయ్యలేదు.

ఇంగ్లాండులో గాల్టన్ అని ఒకాయన గొప్పతనమంతా వంశంలోనే ఉంటుందని 1869లో లావుపాటి పుస్తకమే రాశాడు. తండ్రిది బ్యాంకులున్న కుటుంబం, ఆయన పోగానే ఆస్తి చేతికొచ్చింది, ఇంక జన్మలో ఉద్యోగం చెయ్యాల్సిన పన్లేదు, ఆ తీరికలో మా అరుగు మీద బాబాయ్ గారు రోజూ చెప్పేదే ఆయన కాగితం మీద పెట్టాడు. ఇందులో అసలు తమాషా ఏంటంటే, ఆ గాల్టన్ వాళ్ళమ్మకీ డార్విన్ వాళ్ళ నాన్నకీ తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. అంటే డార్విన్ ఈయనకి వరసకి మేనమామ కొడుకు, బావ! మరి ఈ తెలివితేటలు ఏ వైపు నుంచొచ్చాయని బాబాయ్ గార్ని అడిగితే "ఇంగ్లీషోళ్ళ చుట్టరికాలు మనకెందుకురా, వాళ్ళకి వరసలే సరిగా ఉండవు" అని ఫైలు మూసేశారు.

మనుషుల్ని వదిలేసి వరి దగ్గరికొద్దామండి. మార్టేరు రీసెర్చ్ స్టేషన్ వాళ్ళ స్వర్ణ అనే వరి రకం, అదే 7029, 1982లో వచ్చింది, తర్వాత దానికే సబ్-1 అనే జీన్ ఎక్కించి 2009లో స్వర్ణ సబ్-1 వదిలారు. వరదొచ్చి చేను మునిగితే మామూలు వరి ఏం చేస్తుందంటే ఎలాగైనా పైకి తేలాలని సాగి సాగి ఒంట్లో దాచుకున్న బలమంతా ఖర్చుపెట్టేసి, తీరా నీళ్ళు తీసేసరికి చతికిలబడి చస్తుంది. సబ్-1 జీన్ ఉన్నది అసలు కదలదు, పెరగడం ఆపేసి రెండు వారాల దాకా నీళ్ళలో ముసుగుతన్ని పడుకుంటుంది, వరద తగ్గాక లేచి పిలకలేస్తుంది. కష్టపడిందేమో పోయింది, పడుకున్నదేమో గింజ కట్టింది. పదో తరగతి పాఠాల్లో ఇది పెడితే పిల్లలు చెడిపోతారని భయపడాలి గానీ, మా అబ్బాయైతే ఆల్రెడీ ఇదే పద్ధతిలో ఉన్నాడు.

అందుకని నాదొక ప్రతిపాదన. కోచింగోళ్ళు ఊరూరా కట్టే ఫ్లెక్సీల్లో ర్యాంకు పక్కన వాళ్ళ నాన్నగారి పొలం ఏ కాలవ మీద ఎన్నో తూము కిందో కూడా వెయ్యాలి. బాబాయ్ గారు కాసేపు ఆలోచించి "మరి పొలాలు తవ్వించి రొయ్యల చెరువులేసుకున్నోళ్ళ సంగతేంట్రా?" అన్నారు. వాళ్ళకి కౌంటు, అదే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ లెక్క, వేస్తే చాలన్నాను.