ఇల్లు చూడకుండానే బాయిలర్ అమ్మేస్తారా?

బాయిలర్ అమ్మడానికొచ్చిన మనిషి కారు ఇంకా మలుపు కూడా తిరిగుండదు. కోపం ఆగక ఇది రాస్తున్నాను.

న్యూయార్క్ రాష్ట్రంలో, బింగ్‌హాంటన్ దగ్గర పల్లెలో మేం కొన్న పాత ఫామ్‌హౌస్ సంగతి మీకు తెలుసుగా. నూరేళ్లు దాటిన చెక్క ఇల్లు, కింద రాతి పునాది, గోడల్లో వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ అన్నదే లేదు. ఇల్లు వెచ్చబెట్టడానికి బేస్‌మెంట్లో 275 గ్యాలన్ల ఆయిల్ ట్యాంకు. చలికాలమంతా దాన్ని నింపడానికే సంపాదిస్తున్నట్టుంది. అందుకే పెరట్లో కట్టెల బాయిలర్ పెట్టిద్దామనుకున్నాం. చూడ్డానికి చిన్న షెడ్డులా ఉంటుంది. లోపల పొయ్యి, దాని చుట్టూ నీళ్లు. కాగిన నీళ్లు భూమిలో వేసిన పైపుల్లోంచి ఇంట్లోకొచ్చి, రేడియేటర్లలో తిరిగి మళ్లీ వెనక్కి వెళ్తాయి. స్నానానికి రాగి బాయిలర్లో నీళ్లు కాచుకున్న మనకి ఇది అర్థం కానిదేం కాదు.

వచ్చినాయన గుమ్మం తొక్కలేదండీ! కారు పక్కనే నిలబడి ఇంటిని ఒకసారి ఎగాదిగా చూసి, "పెద్దిల్లు, పెద్ద బాయిలరే కావాలి" అని కాగితం మీద ధర రాసిచ్చాడు. టేపు తీయలేదు, అటక ఎక్కలేదు. నిన్న రాత్రి నేనూ మా ఆవిడా అగరుబత్తి పట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగాం. వంటింటి కిటికీ దగ్గరికి వచ్చేసరికి నిటారుగా లేస్తున్న పొగ ఒక్కసారి అడ్డంగా వాలిపోయి గదిలోకి పారింది. ఆ సందులు మూయకుండా ఎంత పెద్ద బాయిలర్ పెడితే మాత్రం ఏం లాభం?

అసలు అవసరానికి మించి పెద్దది పెడితేనే గొడవ. ఇంటికి సరిపడా వేడి అందగానే పొయ్యికి గాలి వదిలే మూత పడిపోతుంది. ఇక కట్టెలు మండవు, రాజుకుంటూ పొగ కక్కుతాయి. చిమ్నీ లోపల క్రియోసోట్, అంటే పొగ జిడ్డు, తారులా పేరుకుంటుంది. ఆ పొగంతా పక్కింటి పిల్లలు పీల్చాలి. ఈ బాధ పడలేకే కదా ఈ రాష్ట్రం 2011లో నిబంధనలు తెచ్చింది! కొత్తగా పెట్టే బాయిలర్ మన స్థలం సరిహద్దుకి 100 అడుగులైనా ఎడంగా ఉండాలి, చిమ్నీ నేల నుంచి 18 అడుగులైనా లేవాలి. ఆ మాటెత్తితే "ఎవరొచ్చి కొలుస్తారు?" అన్నాడు. పచ్చి కట్టెలైనా మండుతాయట. తేమ 20 శాతం లోపుకి దిగాలని నేను ఓక్ దుంగలు చీల్చి, రెండేళ్లు ఎండాలని పేర్చుకుంటున్నాను!

పైపు కూడా చవకది చాలన్నాడు. మా రోడ్డులో ఒకాయన అలాగే వేయించుకున్నాడు. జనవరిలో పెరడంతా మోకాలి లోతు మంచు ఉంటే, కింద పైపులోంచి పోయే వేడికి బాయిలర్ నుంచి ఇంటిదాకా ఒక్క గీత మాత్రం కరిగిపోయి గడ్డి కనబడుతుంది. ఆయన నడుము విరిగేలా కొట్టిన కట్టెలన్నీ ఆ గీతకే పోతున్నాయి.

ఈ రోగం ఇక్కడిదే కాదు. గుంటూరు జిల్లాలో మా తాత కట్టిన పెంకుటిల్లు ఇలాగే పోయింది. రెండడుగుల మట్టిగోడలు, ముందు వసారా. కాంట్రాక్టర్ వీధిలో నిలబడే "పాతది, కూల్చేద్దాం" అన్నాడు. నాన్న వద్దు మొర్రో అన్నా అన్నయ్య వినలేదు. స్లాబు పడింది. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి ఆనదు. ఏసీ అమ్మడానికొచ్చినవాడూ అంతే, గుమ్మంలోంచే "రెండు టన్నులు" అన్నాడు. పైన సున్నం కొట్టించమనో, పందిరి వేయించమనో చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఏసీ గాలి పడక నాన్న తన చివరి వేసవంతా వేపచెట్టు కింద నులకమంచం మీదే పడుకున్నాడు. అన్నయ్యా, ఇది చదివితే చదువు. నేనింకా మర్చిపోలేదు.

ఆ ధర కాగితం చింపేశాను. ముందు అటక మీద ఇన్సులేషన్ వేయించి, కిటికీల సందులు మూయిస్తాను. ఈ చుట్టుపక్కల ఎవరికైనా, ఇంట్లోకొచ్చి గది గదీ కొలిచి ఆ తర్వాత నోరు తెరిచే మనిషి తెలిస్తే కామెంట్లో చెప్పండి.