బెంగళూరు స్కూళ్లలో కొత్త టీచరుకు ఖాళీ పీరియడ్ ఎవరిస్తారు?

మే నెలాఖర్లో ఏదైనా ప్రైవేటు స్కూలు స్టాఫ్ రూమ్‌లో టైమ్ టేబుల్ వేసే తంతు చూడండి. పాతవాళ్లు తమకు అలవాటైన సెక్షన్లు ముందే తీసేసుకుంటారు, మిగిలినవి కొత్తవాళ్లకు పడతాయి. అంటే ఏడో తరగతిలో అందరూ భయపడే సెక్షన్, భోజనం తర్వాత పిల్లలు ఆవులించే పీరియడ్లు, ఎవరు సెలవు పెట్టినా పరిగెత్తాల్సిన అరేంజ్‌మెంట్ క్లాసులు, వీటన్నిటికీ తోడు క్లాస్ టీచర్ పని. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో చేరిన ఇరవై మూడేళ్ల అమ్మాయికి మనవాళ్లు పలికే స్వాగతం ఇది. లారీ నడిపేవాడు కూడా ముందు కొన్నాళ్లు క్లీనరుగా తిరుగుతాడు. టీచరుకు మాత్రం మొదటి రోజే స్టీరింగ్ ఇచ్చేస్తాం, అదీ ఘాట్ రోడ్డు మీద.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. ఆ పాతవాళ్లూ ఒకప్పుడు అలాగే నలిగారు, ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటున్నారు, అంతే. కానీ నవంబరు వచ్చేసరికి ఆ అమ్మాయి గొంతు పోగొట్టుకుని, ఆదివారాలు కూడా నోట్సులు దిద్దుతూ, ఐటీ కంపెనీలో ఏదైనా హెచ్‌ఆర్ ఉద్యోగం దొరుకుతుందా అని వెతుక్కుంటుంటే 'ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు' అనేస్తారు చూశారా, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మొదటి ఏడాది టీచరుకు కావాల్సింది వారంలో కాస్త ఖాళీ సమయం, ఆ సమయంలో పక్కన కూర్చునే ఒక మనిషి. ఈ రెండూ లేకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా అవి వాట్సాప్ గ్రూపులో ఫొటోల దగ్గరే ఆగిపోతాయి.

బీఈడీలో ఇవన్నీ నేర్పరా అని అడుగుతారు. టీచర్ల చదువులకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాలు స్కూల్లో గడపాలి, వాటిలో 16 వారాలు రెండో ఏడాదిలోనే. కాగితం మీద మంచి ఏర్పాటే. కానీ కాలేజీ మొహం చూడకుండానే బీఈడీ అయిపోయే సంగతి అటు కర్ణాటకలోనూ ఇటు మన రాష్ట్రాల్లోనూ తెలియనిదెవరికి? పది వేలకు పైగా ఉన్న విడి ట్రైనింగ్ కాలేజీల్లో ఎక్కువ శాతం డబ్బులకు డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2012 నాటి జస్టిస్ వర్మ కమిషన్ తేల్చినట్టు 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసి ఉంది. ఇక టెట్ చూసేది ఆమెకు ఏం తెలుసన్నది మాత్రమే, నలభై మంది పిల్లల ముందు నిలబడగలదో లేదో అది చెప్పదు.

సరే, నిజాయతీగా చదివి ఇంటర్న్‌షిప్ పూర్తిగా చేసిన అమ్మాయినే తీసుకుందాం. చేసింది మదనపల్లెలో, ఇంటికి దగ్గరున్న స్కూల్లో, క్లాసులో దాదాపు అందరి మాటా తన మాటే. ఇప్పుడు చేరింది బెంగళూరు తూర్పు అంచున వర్తూరు దగ్గర ఒక చిన్న ఇంగ్లిష్ మీడియం స్కూల్లో. 2011 జనగణన నాటికే బెంగళూరులో కన్నడ మాతృభాషగా ఉన్నవాళ్లు సగం కంటే తక్కువ. తమిళం, తెలుగు, ఉర్దూ ఒక్కొక్కటీ పది శాతం దాటాయి. ఆ తర్వాత ఊరు తూర్పు వైపు ఎంత పెరిగిందో చెప్పక్కర్లేదు. ఆ క్లాసులో కదిరి నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్ల అబ్బాయి ఉంటాడు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, టీచరు ముందు మౌనం. ఉత్తర కర్ణాటకలోని యాదగిరి నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో కన్నడమే, కానీ పాఠ్యపుస్తకంలో ఉన్న కన్నడకీ ఆ పిల్ల మాటకీ చాలా దూరం, కాబట్టి సొంత భాష పరీక్షలోనే మార్కులు రావు. దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు, బెంగాలీ పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో ఉండే నేపాలీ అబ్బాయి, వీళ్ల మధ్యలో ఇంగ్లిష్ తప్ప ఇంకేమీ మాట్లాడకూడదని ఇంట్లో చెప్పి పంపిన సాఫ్ట్‌వేరు వాళ్ల పాప.

ఈ క్లాసుకి పాఠం ఎలా చెప్పాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే తెలియాల్సింది పద్ధతి ఒక్కటే కాదు, ఆ చుట్టుపక్కల బతుకులు కూడా. దసరా తర్వాత కూలి పనులకు వచ్చే కుటుంబాల పిల్లలు ఉగాదికి ఊరెళ్లిపోతారు. పాత టీచరు మార్చిలో బెంచీ ఖాళీ అయితే కంగారుపడదు, వెళ్లేముందే ఏం చదివించాలో చూసుకుంటుంది. కొత్త టీచరు తను సరిగ్గా చెప్పకపోవడం వల్లే పిల్లాడు మానేశాడని కుమిలిపోతుంది. ఎవరి డైరీలో రాస్తే ఇంట్లో చదివేవాళ్లు లేరో, ఎవరి అమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది కాబట్టి మీటింగ్‌కి రాదో, ఎవరి విషయం ఎనిమిదో తరగతిలో ఉన్న అక్కకు చెబితే పనవుతుందో ఇవన్నీ పాతవాళ్లకు తెలుసు. ఆ మాటకొస్తే స్కూలు ఆయాకు ఇంకా ఎక్కువ తెలుసు. ఈ తెలిసినదంతా కొత్తమ్మాయికి అందడానికి టైమ్ టేబుల్లో ఒక్క గడి కూడా లేదు.

అందకపోతే ఏమవుతుంది? మాట్లాడని పిల్లాడు మొద్దు అయిపోతాడు. అర్థం కాక అల్లరి చేసేవాడు క్రమశిక్షణ లేనివాడవుతాడు. డిసెంబరుకి వెనక బెంచీలు ఒక ప్రత్యేక దేశంగా తయారవుతాయి, ఆ దేశంలో ఇంట్లో ఇంగ్లిష్ లేని పిల్లలే ఎక్కువుంటారు. టీచరు చెడ్డది కాదు, పాపం అరిచి అరిచి చేతనైనంత చేసింది.

మన తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సరిహద్దు జిల్లాల నుంచి బెంగళూరు చిన్న స్కూళ్లకు వచ్చే టీచర్లు తక్కువేం కాదు. కన్నడ లిపి మనకు నెలలో పట్టుబడుతుంది, బస్సు బోర్డులు చదివేసి భాష వచ్చేసిందనుకుంటాం. కానీ ఆ యాదగిరి పిల్ల తల్లి కోపంగా ఏదో అడిగినప్పుడు ఆమెకు సమాధానం చెప్పేంత కన్నడ వేరు. 2015 చట్టంతో కర్ణాటకలో కన్నడ మొదటి లేదా రెండో భాషగా తప్పనిసరైంది, పిల్లలకు నేర్పించే ఏర్పాటు ఉంది, బయటి నుంచి వచ్చిన టీచరుకు నేర్పే ఏర్పాటు నాకు ఎక్కడా కనిపించలేదు. మేనేజ్‌మెంట్లు అనుకుంటే సాయంత్రం అరగంట పెట్టలేవా?

ప్రభుత్వం వైపు చూస్తే పరిస్థితి ఇంకో రకం. కర్ణాటక ఏటా పదుల వేల మంది అతిథి టీచర్లను తీసుకుంటుంది, వీళ్లు విద్యా సంవత్సరం మొదలయ్యాక చేరి అది ముగిసేసరికి వెళ్లిపోతారు, నెలకు పన్నెండు వేలకు అటూఇటూ. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషి మీద శ్రమ పెట్టడం ఎందుకని హెచ్‌ఎం అనుకుంటే తప్పు పట్టడం కష్టం. కొన్ని బడులు కలిపిన క్లస్టరుకి, టీచర్లకు సాయపడాల్సిన సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఒకరుంటారు, చాలామంది మంచివాళ్లే, కానీ వాళ్ల రోజంతా లెక్కలు పైకి పంపడంతోనే సరిపోతుంది. 2025 సెప్టెంబరులో కులాల వారీ సామాజిక, విద్యా సర్వేకి టీచర్లనే ఇళ్ల చుట్టూ తిప్పి, పని అవక దసరా సెలవులు పొడిగించారు. పాతవాళ్లకే పాఠం చెప్పే తీరిక లేకపోతే కొత్తవాళ్లకు ఎవరు చెప్తారు?

అలాగని ఇక్కడ మంచి అనుభవం లేకపోలేదు. 1995లో మైసూరు జిల్లా హెచ్‌డీ కోటెలో మొదలైన 'నలి కలి' (ఆడుతూ పాడుతూ నేర్చుకోవడం) పద్ధతికి మూలం మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. అక్కడి పల్లె బడులు చూసి వచ్చిన ప్రభుత్వ టీచర్లు తమ ఊళ్లకు తగ్గట్టు పిల్లలు నేర్చుకునే పాఠాల కార్డులు తామే రాసుకున్నారు, ఒకరి క్లాసు ఇబ్బందులు ఇంకొకరితో మాట్లాడుకున్నారు. 2009 ప్రాంతంలో రాష్ట్రమంతటికీ విస్తరించాక కార్డులు అందరికీ చేరాయి, ఆ మాట్లాడుకోవడం మాత్రం అంతగా చేరలేదని నా అభిప్రాయం.

విధాన పత్రాల్లో అయితే లోటు లేదు. ఏడాదికి 50 గంటల శిక్షణ అంది 2020 విధానం. మెంటరింగ్‌కి, అంటే అనుభవమున్నవాళ్లు టీచర్లకు తోడుండి దారి చూపడానికి, జాతీయ మిషన్ ఒకటి పెట్టి 2022లో 30 కేంద్ర పాఠశాలల్లో పైలట్‌గా మొదలుపెట్టారు. వర్తూరు చిన్న స్కూలుకు అది ఎప్పుడు చేరుతుందో మీరే ఊహించుకోండి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి కొత్త టీచరుకు రెండేళ్ల ఇండక్షన్, అంటే పనిలో కుదురుకునే గడువు, ఉంది, మొదటి ఏడాది బోధన సమయంలో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గిస్తారు, ఒక మెంటరును ఇస్తారు. అక్కడ కూడా ఐదేళ్లలో దాదాపు మూడో వంతు మంది వెళ్లిపోతూనే ఉన్నారు, అందుకని ఇదేదో మంత్రదండం అనడం లేదు. కానీ సమయం తగ్గించాలి అన్నది అక్కడ నిబంధన, మన దగ్గర దయ.

ఖర్చు ఎక్కువ అంటారు యాజమాన్యాలు. లెక్క వేద్దాం. వారానికి 36 పీరియడ్ల స్కూల్లో పది శాతం అంటే మూడున్నర, నాలుగే అనుకోండి. ఏడాదికి నలుగురు కొత్తవాళ్లు చేరితే పదహారు పీరియడ్లు, మెంటర్లకూ తలా రెండు కలిపితే ఇరవై నాలుగు. ఒక టీచరు జీతం కూడా పూర్తిగా కాదు. నడిమధ్యలో ఒకరు మానేస్తే పత్రికా ప్రకటన, డెమో క్లాసులు, ఆ నెలన్నర పాటు పిల్లలకు టీచరు లేకపోవడం, తల్లిదండ్రుల ఫోన్లు, వీటి లెక్క ఎవరూ వేయరు. వెళ్లిపోకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం చవక అనుకుంటారు.

మెంటరు ఎవరన్నది కూడా ముఖ్యమే. ఇంక్రిమెంటు రిపోర్టు రాసే కోఆర్డినేటరే మెంటరు అయితే, నాకు సెవెన్ సి అదుపులో ఉండట్లేదు అని ఆ అమ్మాయి నోరు తెరుస్తుందా? 'అంతా బాగానే ఉంది మేడమ్' అంటుంది. పక్క క్లాసు చెప్పే, రిపోర్టులతో సంబంధం లేని మనిషి కావాలి. మొదటి నెల ఆ మెంటరు కొత్తమ్మాయి క్లాసులో వెనక కూర్చుని నోట్ చేసుకునే బదులు, కొత్తమ్మాయినే తన క్లాసులో కూర్చోబెట్టుకోవాలి.

మా స్కూల్లో మెంటరింగ్ ఉందండీ అని చాలామంది ప్రిన్సిపాళ్లు చెప్తారు, బ్రోచర్లో కూడా వేస్తారు. తల్లిదండ్రులు ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఏసీ క్లాసు గురించి అడగడం అయ్యాక, కొత్త మిస్ టైమ్ టేబులూ ఆమె మెంటరు టైమ్ టేబులూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఇద్దరికీ ఒకే రోజు ఒకే గంటలో ఒక్క ఖాళీ పీరియడైనా ఉందా అన్నది అందులోనే తెలిసిపోతుంది.