పెరట్లో ఎజ్డీ, సందులో పొగ

మా పెరట్లోని ఎజ్డీ మోటార్‌సైకిల్ చివరిసారి కదిలింది పదకొండేళ్ల క్రితం. అది కూడా ఇంజన్ తిరిగి కాదు. బోరు వేయించేటప్పుడు అడ్డంగా ఉందని నలుగురం పట్టుకుని గోడవారకు జరిపాం. అప్పట్నుంచి అది బండిగా తప్ప అన్ని రకాలుగా పనికొస్తూనే ఉంది. హ్యాండిల్ మీద మా అమ్మ తువ్వాళ్లు ఆరేస్తుంది. సీటు మీద ఒడియాల చాట ఉంటుంది. రెండు సైలెన్సర్ల మధ్యలోంచి సొరతీగ ఎక్కి, హెడ్‌లైటుకు రెండు చుట్లు చుట్టి, పోయినేడాది ట్యాంకు మీద ఒక కాయ కూడా కాసింది. ఆ సొరకాయ కూర తింటూ మా నాయన, "చూస్తివా, ఇంకా మైలేజీ ఇస్తానే ఉండాది" అన్నాడు.

ఈ ధనుర్మాసంలో కాంపౌండ్ గోడకు రంగు వేయిద్దామని పెయింటర్ని పిలవడంతో దాని జాతకం మళ్లీ బయటికొచ్చింది. అతను గోడను చూశాడు, బండిని చూశాడు. "సామీ, దీన్ని తీస్తే గోడకు రంగు. తీయకుంటే దీనికీ రంగు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నాడు.

తేల్చడానికి ఆ రాత్రి భోజనాల దగ్గర కూర్చున్నాం. పితికిపప్పు కూర చేసిన రోజున మా ఇంట్లో ఏదీ తేలదు, అందరి ధ్యాసా గిన్నె మీదే ఉంటుంది. అయినా మా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది: తూకానికి వేసేయండి. పాత ఇనుము అతను అప్పటికే ఒకసారి వచ్చి వెనక చక్రం పట్టి కొంచెం లేపి చూసి వెళ్లాడట. మనిషిని ఎక్కించకుండా బండి ఒక్కటే నూట నలభై కిలోల దాకా ఉంటుంది కదా అంటే, "దాంట్లో మన్ను ఎంత, తీగ ఎంత?" అని అడిగాడట. మన్నుకు తరుగు తీయడం న్యాయమే. సొరతీగకు కూడా తీయడం నాకు నచ్చలేదు.

ఇంటర్ చదివే మా వాడిది ఇంకో లోకం. అలాంటి బండ్లకు ఇప్పుడు ఎంత గిరాకీ ఉందో ఫోన్లో చూపించాడు. 2022లో ఎజ్డీ పేరుతో కొత్త బండ్లు కూడా వచ్చాయని చెప్పాడు. మా నాయన ఆ ఫోన్ వైపు చూడనైనా చూడలేదు. ఆయన లెక్కలో ఎజ్డీ అంటే మైసూరులో తయారైందే. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడిందని తెలిసిన రోజు ఆయన రాత్రి అన్నం తినలేదని మా అమ్మ చెబుతుంది. మజ్జిగ మాత్రం తాగాడట.

నా సంగతి అంటారా? తూకానికి వేయడానికి మనసొప్పదు, బాగు చేయించడానికి చెయ్యి రాదు. చిన్నప్పుడు దాని ట్యాంకు మీద కూర్చునే కాణిపాకం వెళ్లాను. వెళ్లిన దారి గుర్తులేదు గానీ ట్యాంకు వేడి గుర్తుంది.

మర్నాడు లీలామహల్ సర్కిల్ దగ్గర్నుంచి ఒక పాత మెకానిక్ భాయ్‌ని తీసుకొచ్చాను. భాయ్ బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, దేన్నీ ముట్టుకోకుండా ఒక ప్రశ్న వేశాడు. "చూసుకునే దానికా, నడిపే దానికా, మీ నాయన మాట కోసమా? మూడిటికీ మూడు రేట్లు సామీ." మూడో రేటు ఎక్కువా తక్కువా అని అడిగాను. "దానికి పైన లెక్క ఉండదు" అన్నాడు.

మనిషి నిజాయితీపరుడు. క్రోమ్ పూత, కొత్త సీటు కవరు, స్టిక్కర్లు ఇవన్నీ ఆఖరున చూద్దాం అన్నాడు. ముందు కాగితాలు ఉన్నాయా, తర్వాత ఇంజన్ తిరుగుతుందా, ఈ రెండూ తేలాకే రూపాయి తీయమన్నాడు. ఆర్‌సీ బీరువాలో, పాత పంచాంగాల కింద దొరికింది. పదిహేనేళ్ల గడువు ఎప్పుడో దాటింది. దాన్ని మళ్లీ అయిదేళ్లకు పొడిగించుకోవాలంటే బండి నడిచి ఆఫీసు దాకా వెళ్లి కనబడాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, పుస్తకంలోని ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో కలవాలి. మా పుస్తకంలో సరిగ్గా ఆ నంబరు చివరి రెండంకెల దగ్గరే పురుగు భోంచేసింది.

ఇక ఇంజన్. కిక్ కొడదామని మా వాడు బండి పక్కన చాలాసేపు తిరిగాడు. "తాతా, కిక్ రాడ్ ఎవరో ఎత్తకపోయినారు!" మా నాయన ముఖం వెలిగిపోయింది. ఆ బండికి గేరు రాడ్డే కిక్ రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, కొట్టాక మళ్లీ దించితే గేరు. "ఫోన్లో అన్నీ ఉండాయంటివే, ఇది లేదా?" అని ఆయన తిప్పి చూపించబోయాడు. రాడ్ తిరిగింది గానీ దిగలేదు. పిస్టన్ పట్టేసింది.

భాయ్ ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి ఒక మూతడు పోశాడు. రాత్రంతా నాననివ్వండి, పొద్దున కదిలితే మన అదృష్టం అని, మిగిలిన సీసా అక్కడే పెట్టి వెళ్లాడు. అసలు తప్పు ఆ సీసా వదిలి వెళ్లడంలోనే ఉంది.

ఒక్క మూతడుకు ఏం నానుతుంది అని నాకు అనిపించింది. తెల్లవారుజామున పాలకు వెళ్తూ ఇంకో నాలుగు మూతలు పోశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద పని కూడా కాదు కదా.

మధ్యాహ్నం భాయ్ వచ్చి రాడ్ నొక్కితే వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. నాకు గర్వంగా ఉంది. విచిత్రం ఏమిటంటే మా నాయన, మా వాడు కూడా అంతే గర్వంగా కనబడ్డారు. భాయ్ ప్లగ్గు పాయింటు గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. ట్యాంకు నిండా తుప్పు. దాన్ని గుప్పెడు నట్లు వేసి ఊపి ఊపి కడగాలట, ఇప్పుడు కాదు. అందుకని ఒక నీళ్ల బాటిల్లో అర లీటరు పెట్రోలు పోసి, పైపు తగిలించి, హ్యాండిల్‌కు సెలైన్ సీసాలా వేలాడదీశాడు. ఈ రెండు స్ట్రోకుల ఇంజన్‌కు పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి, లీటరుకు నలభై మిల్లీ లెక్కన. భాయ్ అర లీటరుకు సరిపడా కొలిచి కలిపాడు. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లి వచ్చేసరికి మా నాయన కూడా కలిపాడు, అలవాటు కొద్దీ, అందాజుగా.

పెరట్లో స్టార్ట్ చేయడానికి మా అమ్మ ఒప్పుకోలేదు, ఒడియాలు ఇంకా ఎండలేదు. సందులోకి తోసుకెళ్లాం. పొద్దున వేసిన ముగ్గులు తొక్కకుండా తిప్పి తిప్పి, చివరికి మా కాంపౌండ్ గోడకు వెనక భాగం ఆనేటట్టు నిలబెట్టాం. గోడకు ఆ రోజు పొద్దునే తెల్లరంగు రెండో కోటు పడింది.

పద్దెనిమిదో కిక్‌కు నా పిక్క మీద రాడ్ ఎదురు తన్నింది. ఇరవై రెండో కిక్‌కు బండి దగ్గింది. ఇరవై మూడో కిక్‌కు లేచింది.

ముందు శబ్దం వచ్చింది. మా నాయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత పొగ వచ్చింది. మేమందరం కళ్లు మూసుకున్నాం.

మామూలు పొగ కాదు. నీలంగా, చిక్కగా, నేలబారుగా మొదలై, మోకాళ్ల దాకా లేచి, ముందు పెయింటర్ని, తర్వాత మా గేటుని, తర్వాత ఎదురింటి అరుగుని మింగేసింది. నాకు నా చెయ్యి కనబడలేదు. ఆ మబ్బులోంచి మా నాయన గొంతు ఒక్కటే వినిపిస్తోంది: "ఇది కాదురా, థర్డ్ గేర్లో వినాల!"

అంతలో సందు చివర ఎవరో అరిచారు. "దోమల మందు బండి వచ్చిండాది! తలుపులేయండి!" టపటపా కిటికీలు పడ్డాయి. ఒకావిడ పొయ్యి మీది సాంబారుకు మూత పెట్టమని కోడలికి కేక వేసింది. ఇంకొకావిడ వేసిన తలుపు మళ్లీ తీసి, "లోపలికి కూడా కొట్టండయ్యా, మంచం కింద!" అంది. పిల్లలు ఎక్కణ్నుంచి వచ్చారో, పొగలోకి దూకి కేరింతలు కొడుతూ బండి చుట్టూ పరుగులు. ఆపుదామంటే తాళం తిరగడం లేదు. భాయ్ పైపు మడిచి పట్టుకున్నా, కార్బొరేటర్ గిన్నెలో ఉన్నది అయిపోయేదాకా అది ఆగలేదు. ఆగాక కూడా సైలెన్సర్లు రెండూ అగరువత్తుల్లా చాలాసేపు వెలిగాయి.

పొగ పలచబడ్డాక భాయ్ చేతులు నడుముకు పెట్టుకుని అడిగాడు. "నేను పోసింది ఒక మూతడు. మిగతాది ఎవరు పోసినారు?"

ఎవరం మాట్లాడలేదు. మా వాడు ఆకాశం చూశాడు. మా నాయన గోడ చూశాడు. నేను కాలి పిక్క చూసుకున్నాను.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?" అంది మా అమ్మ గేటు దగ్గర్నుంచి. ముగ్గురం తల వంచుకున్నాం.

రాత్రి తొమ్మిదికి మామయ్యగారు గరిటెతో, పదిన్నరకు అబ్బాయి ఇంజక్షన్ సిరంజితో, తెల్లారి మీరు మూతతో, అని మా ఆవిడ వరసగా అప్పజెప్పింది. చూసి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను. "పోయకుండా మిగిలింది నేనొక్కదాన్నే. ఆ మాత్రం తేడా ఉండనివ్వండి" అంది.

పెయింటర్ మాత్రం ఏమీ అనలేదు. తెల్లగోడ మీద సరిగ్గా సైలెన్సర్ల ఎత్తున రెండు నల్లటి గుండ్రాలు, కింద నూనె ధారలతో, కాటుక కారిన కళ్లలా మమ్మల్నే చూస్తున్నాయి. అతను వాటి ముందు గొంతుక్కూర్చుని, బీడీ వెలిగించబోయి, పెట్రోలు బాటిల్ చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

భాయ్ లెక్క కాగితం మీద రాసిచ్చాడు. నేను చదవకుండా మడిచి ఆర్‌సీ పుస్తకంలో పెట్టాను. బండిని మళ్లీ గోడవారకే తోశాం. సొరతీగ తెగిన చోట మా అమ్మ కొత్త గింజ నాటింది.

మర్నాడు పొద్దునే ఎదురింటి పెద్దావిడ గేటు దగ్గరికొచ్చింది. సారీ చెబుదామని నేను లేచేలోగా ఆవిడే మొదలుపెట్టింది. "రాత్రి ఒక్క దోమ లేదు నాయనా, హాయిగా నిద్రపోయినాం. మళ్లా ఎప్పుడు స్టార్ట్ చేస్తారు? మా వెనక సందులో వాళ్లు కూడా అడగతా ఉండారు."

నేను నోరు తెరిచేలోపు లోపల్నుంచి మా నాయన సమాధానం చెప్పేశాడు.

"వస్తాదమ్మా, శుక్రవారం తిప్పుతాం. ఆయిల్ మాత్రం మీరే తెచ్చుకోవాల."