‘కాంపో’ తిట్టు కాదండీ

ఆస్ట్రేలియాలో ‘కాంపో’ అంటే లేని దెబ్బలు చూపించి తీసుకునే డబ్బు అన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. కాదండీ. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారాన్ని, అంటే కాంపెన్సేషన్‌ని, కుదించి పలికే మాట, అంతే. ఆఫ్టర్‌నూన్‌ని ‘ఆర్వో’, సర్వీస్ స్టేషన్‌ని ‘సర్వో’ అంటారే, అలాంటిదే. పక్కన ‘బ్లడ్జర్’ చేరితేనే తిట్టు. వెనకటికి ఆ మాటకు వేశ్యల సంపాదన మీద బతికేవాడని అర్థం. ఇప్పుడు ఒళ్లు వంచకుండా తినేవాడు. ‘మెడిటరేనియన్ బ్యాక్’ (మధ్యధరా నడుం) అన్నది మరీ ఘోరం. ఫ్యాక్టరీల్లో నడుం పోగొట్టుకున్న గ్రీకు, ఇటాలియన్ వలస కార్మికులు నటిస్తున్నారని చేసిన ఎగతాళి అది. 1980లలో కీబోర్డు పనివాళ్ల చేతినొప్పికైతే ‘కంగారూ పా’ (కంగారూ పంజా) అని పేరు పెట్టారు.

నటించేవాళ్లు లేరని కాదు, బీమా కంపెనీలు కెమెరాతో మనిషిని వెంట పంపేది అందుకే. కానీ నిజంగా దెబ్బ తగిలినవాళ్లకు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. విక్టోరియా రాష్ట్రంలో దెబ్బ సంగతి 30 రోజుల్లోగా యజమానికి రాతపూర్వకంగా తెలపాలి. పోయిన జీతం కావాలంటే క్లెయిమ్‌తో పాటు ఎంత పని చేయగలరో చెబుతూ డాక్టరిచ్చే ‘సర్టిఫికెట్ ఆఫ్ కెపాసిటీ’ ఉండాలి. మొదటిది మామూలుగా 14 రోజులకు, తర్వాతవి 28 రోజుల వరకు ఇస్తారు. ఒకటి ముగిసి రెండోది అందకపోతే వారం వారం వచ్చే డబ్బు ఆగినట్టే. మొదటి 13 వారాలు జీతంలో 95 శాతం, ఆ తర్వాత 80; పైన గరిష్ఠ పరిమితి ఉంటుంది. గోడౌన్లలో క్యాజువల్‌గా చేసే మన విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది.