అడగని పాలిష్ కొట్టే మహానుభావులకు

తీగలు మెట్లకి తగిలి జర్రుమంటూ ఫ్రెట్ బజ్ వస్తోందని గిటార్‌ని సెటప్‌కి, అంటే సరిచేసి ఇమ్మని ఇచ్చాను. సెటప్‌కి మాత్రమే. ఇందాక తెచ్చుకుందామని వెళ్తే షాపతను నవ్వుతూ "సార్, నెక్ వెనకాల బోసిగా ఉందని ఒక కోటు లక్కర్ కొట్టేశా, దానికి డబ్బులేం వద్దు" అన్నాడు. డబ్బులేం వద్దట! నెక్ అంటే వాయించేటప్పుడు చేత్తో పట్టుకునే పొడుగాటి కర్ర భాగం, అక్కడ చెయ్యి పెడితే గాజు సీసా పట్టుకున్నట్టుంది.

బోసిగా కాదు నాయనా, దాన్ని అలా చేయడానికే నా ఆదివారాలన్నీ పోయాయి. కావాలనే పూత లేని మేపుల్ నెక్ తెప్పించుకున్నా. 320 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400, 600, 800 (నంబరు పెరిగేకొద్దీ సన్నం), అదీ కలప చార వెంబడే. అడ్డంగా ఒక్కసారి గీసుకుపోయినా మిగతా అంతా నున్నబడ్డాక ఆ గీతే ముందు కనబడుతుంది. మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే నూగు లేస్తుంది, పూర్తిగా ఆరనిచ్చి దాన్ని మళ్లీ తీసేయాలి, లేదంటే మొదటిసారి అరచేతికి చెమట పట్టగానే గరుకు తేలుతుంది. ఆ తర్వాత 1500, 2000. మా దగ్గరి హార్డ్‌వేర్ షాపులో అడిగితే "అంత సన్నది ఎందుకండీ, 220 తీస్కోండి" అన్నాడు, చివరికి కార్ల పెయింట్లు అమ్మే చోట దొరికింది (అక్కడ ఏ కారుకి అని అడిగారు, గిటార్‌కి అంటే జాలిగా చూశారు). ఆపైన నాలుగు సున్నాల స్టీల్ ఊల్, అంటే అతి సన్నటి ఇనుప పీచు. దాని పొడి, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌ల అయస్కాంతాలకు అతుక్కుంటుందని ముందే టేపు అంటించాలి. ఆఖర్న గట్టి నూలుగుడ్డతో వేడి పుట్టేదాకా అదిమి రుద్దితే కలపే మెరుగెక్కుతుంది. డబ్బాలోంచి వచ్చే మెరుపు కాదది.

ఆ మెరుగు మీద స్ప్రే కొట్టాడు. ఫ్రీగా.

పైగా క్లాసు. పూత లేకపోతే తేమకి నెక్ వంగిపోతుందట. లక్కర్ తేమని కాస్త ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపుతుందా? కాస్త వంగినా సరిచేసుకోడానికి లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంది కదా, అదేమన్నా అలంకారానికా? మురికి పడుతుందట. పడనీ, 600తో మళ్లీ నాలుగు రుద్దులు రుద్దుకుంటా, నా నెక్, నా చెమట. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ అంతటివాడు పూత లేని మేపుల్ నెక్కే ఇష్టపడ్డాడు, ఈయనకి మాత్రం బోసి! వేళ్లు పైకీ కిందకీ జారాల్సిన చోట జిగటగా అంటుకుంటుంటే ఏం వాయించను?

అసలు మనవాళ్లకి ఈ జబ్బు ఎప్పట్నుంచో ఉంది. కర్ర కర్రలా కనబడితే ఏదో లోటు. మెలమైన్ కొట్టాలి, లప్పం పెట్టాలి, సన్‌మైకా అతికించాలి, ఆ సన్‌మైకా మీద మళ్లీ కర్ర బొమ్మే ఉండాలి. మా తాతగారు చేయించిన టేకు తలుపులకి, చేతులు తగిలీ తగిలీ గడియ చుట్టూ నల్లగా నిగనిగలాడే తలుపులకి, పెళ్లి పేరు చెప్పి మా పెదనాన్న చాక్లెట్ రంగు ఎనామెల్ వేయించాడు. నేను హాస్టల్లో ఉన్నాను కదా, అడిగేవాడెవడు. ఇప్పటికీ ఊరెళ్తే గోటితో ఆ రంగు పెచ్చులు ఊడదీస్తుంటా, పెద్దమ్మ తిడుతుంది. ఎందుకు వేయించారు పెదనాన్నా అంటే ఏమన్నాడో తెలుసా? రంగు వేయకపోతే చెదలు పడతాయిరా అన్నాడు.

చేవ టేకుకి!