సవరణ: ఆ రైఫిలులో పోయిన భాగమేదీ లేదు

చెన్నై టీ నగర్‌లో మా పెదనాన్నగారి ఇంటి గోడకున్న, పేలకుండా చేసిన 1917 నాటి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు గురించి పోయిన వారం రాస్తూ, దాని మ్యాగజైన్ కటాఫ్‌ను ఎవరో ఊడదీశారనీ, మరొకటి బిగిస్తేనే అసలు రూపం వస్తుందనీ అన్నాను. అది తప్పు.

మ్యాగజైన్‌లోని తూటాలను అడ్డుకుని, ఒక్కొక్కటిగా నింపి కాల్చేందుకు వీలిచ్చే పలక కటాఫ్. బోల్టు పిడి కిందున్న ముద్రను తుడిచి చూస్తే ‘మార్క్ 3’ పక్కన చిన్న నక్షత్రం కనిపించింది. యుద్ధకాలంలో త్వరగా తయారు చేసేందుకు, కటాఫ్‌నూ దూరపు కాల్పులకు గురిచూసే వాలీ సైట్లనూ వదిలేసి 1916లో తెచ్చిన రకానికి గుర్తు అది. అయితే కటాఫ్ కోసం కోసే గాడి ఆ రకంలోనూ కొన్నింటికి ఉండిపోయింది. ఆ ఖాళీ గాడిని చూసే నేను పొరబడ్డాను.

పెదనాన్నా, ఆ భాగం తెప్పించకండి. కొయ్యకు పూసిన వార్నిష్ తీసి, మునుపటిలా అవిసె నూనె పట్టిస్తే చాలు.