ఆటకు ముందు పదిహేను నిమిషాలు

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్ ఆసియా టైటిల్‌ను నిలబెట్టుకుంది. కొద్ది వారాలకే మోకాలి లిగమెంట్ దెబ్బతిని ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం గాయం దాదాపు ఏడాది కాలాన్ని మింగేసింది. పీవీ సింధు 2022 కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది పాదం నొప్పితోనే. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక) అని తేలాక ఆ ఏడాది ఇక కోర్టులో అడుగుపెట్టలేదు. వీళ్లందరికీ మంచి సర్జన్లు, ఫిజియోలు అందుబాటులో ఉన్నారు కాబట్టి మళ్లీ లేచి నిలబడే అవకాశమైనా దక్కింది. మా ఆందోళన వాళ్లను చూసి బూట్లు కట్టుకుంటున్న జిల్లా పరిషత్ బడి పిల్లల గురించి, గురుకులాల అమ్మాయిల గురించి.

మోకాలి లోపల తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లలో ఒకదాన్ని ఏసీఎల్ అంటారు. చాలాసార్లు ఎవరూ తగలకుండానే అది తెగిపోతుంది. పరుగులో ఉన్నట్టుండి ఆగినా, ఒక్కసారిగా పక్కకు తిరిగినా, ఎగిరి ఒంటికాలిపై దిగినా ప్రమాదమే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, హ్యాండ్‌బాల్ వంటి ఆటలన్నీ ఈ కదలికల మీదే నడుస్తాయి. ఇలాంటి ఆటల్లో అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకు ఏసీఎల్ తెగే ముప్పు రెండు మూడు రెట్లు ఉంటుందని, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువేనని అధ్యయనాలు చెబుతున్నాయి. గాయమైతే శస్త్రచికిత్స, ఆపై కనీసం తొమ్మిది నెలల వ్యాయామ చికిత్స. అంతకంటే ముందే మైదానంలోకి దిగితే మళ్లీ గాయపడే అవకాశం బాగా పెరుగుతుంది.

ఈ మాట వినగానే ‘ఆడపిల్లల ఒళ్లు అంతే’ అని తేల్చేయడం తేలిక. మేం దాన్ని ఒప్పుకోం. పన్నెండు, పదమూడేళ్లకు ఎత్తు, బరువు గబగబా పెరుగుతాయి. ఆ వేగానికి తగ్గట్టు కండ బలపడాలంటే సాధన కావాలి. సరిగ్గా ఆ వయసులోనే మన ఇళ్లలో అమ్మాయి పరుగులు ఆగిపోతాయి. తమ్ముడు గోడలు దూకుతూ, చెట్లెక్కుతూ కాళ్లను గట్టిపరుచుకుంటుంటే ఆమెను ఇంట్లో కూర్చోబెడతాం. మళ్లీ తొమ్మిదో తరగతిలో ‘బాగా ఉరుకుతోంది’ అని నేరుగా జిల్లా జట్టులోకి తోస్తాం. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా ఎలా దిగాలో, తొడ వెనక కండరాన్ని ఎలా బలపరచాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇందులో దేహం పాత్ర కొంతే. మనం ఇవ్వని శిక్షణ పాత్ర చాలా ఉంది.

శిక్షణ ఇస్తే ఏమవుతుందో స్వీడన్ చూపించింది. పన్నెండు నుంచి పదిహేడేళ్ల లోపు ఫుట్‌బాల్ ఆడే నాలుగు వేల మందికి పైగా అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. వారానికి రెండుసార్లు, ప్రాక్టీసుకు ముందు పదిహేను నిమిషాలు ఒంటికాలి గుంజీలు, నడుము బలానికి ప్లాంకులు, సరిగ్గా దూకి దిగడం వంటి కసరత్తులు కొన్ని జట్లతో చేయించారు. మామూలుగా ఆడిన జట్లతో పోలిస్తే ఆ జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. అంతకుముందు, 2008లో నార్వే అమ్మాయిలపై వచ్చిన అధ్యయనంలో ఇరవై నిమిషాల వార్మప్‌తో తీవ్ర గాయాలు దాదాపు సగానికి పడిపోయాయి. ‘ఫిఫా 11+’ పేరుతో ఆ వార్మప్ ప్రపంచమంతా ప్రచారంలో ఉంది. దానికి జిమ్ అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు, మట్టి గ్రౌండ్ చాలు. ఇంత చౌకైన మందు పదేళ్లకు పైగా అందుబాటులో ఉన్నా మన బడి మైదానాలకు చేరకపోవడం మమ్మల్ని బాధిస్తోంది. రెండు రౌండ్లు పరిగెత్తించి, చేతులు నాలుగుసార్లు తిప్పించి కూతకు పంపడమే చాలాచోట్ల ఇప్పటికీ వార్మప్.

గాయమయ్యాక జరిగేది ఇంకా దారుణం. మోకాలు వాస్తే బెణికిందనుకుంటారు. కట్టు కట్టిస్తారు, లేదంటే ఎక్స్‌రే తీయిస్తారు. ఎముక విరగలేదని తెలిసి ఊపిరి పీల్చుకుంటారు. లిగమెంట్ తెగింది ఎక్స్‌రేలో కనిపించదు. దానికి అనుభవమున్న వైద్యుడి పరీక్ష, ఎంఆర్ఐ కావాలి. వాపు తగ్గగానే ఆ అమ్మాయి మళ్లీ ఆడుతుంది. కాలు జారినట్టు అనిపిస్తున్నా టోర్నమెంట్ ఉందని చెప్పదు. రెండోసారి పడితే మోకాలిలో తొడ ఎముకకు, కింది కాలి ఎముకకు మధ్య ఉండే మెత్తటి పొర కూడా చిరుగుతుంది. ఇక ఇంట్లో వాళ్లు పెళ్లి మాటలు తలుచుకుని ‘ఆటలు చాలమ్మా’ అంటారు. ప్రతిభ ఉన్న పిల్ల పదహారేళ్లకే మైదానం వదిలేస్తుంది.

తిండి సంగతీ ఇందులో భాగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున ఏమీ తినకుండా ప్రాక్టీసుకొచ్చే పిల్ల ఒంట్లో శక్తి ఆటకే చాలదు, ఎముకలకు ఏం మిగులుతుంది? చాలినంత తినకుండా నెలల తరబడి కష్టపడితే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి, స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి. దీన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే క్రీడాకారుల ఆరోగ్య సమస్యగా గుర్తించింది. బరువు విభాగాలుండే బాక్సింగ్, రెజ్లింగ్, వెయిట్‌లిఫ్టింగ్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నెలసరి మూడు నెలలుగా రాలేదని పద్నాలుగేళ్ల పిల్ల మగ కోచ్‌కు చెప్పగలదా? 2024 పారిస్‌లో ఒక్క కిలో తేడాతో కాంస్యం చేజారాక మీరాబాయి చాను తనకు అది నెలసరి మూడో రోజని విలేకరులతో మామూలుగా చెప్పింది. ఆ మాట మన మైదానాల్లోనూ సిగ్గు, బెదురు లేకుండా వినిపించాలి. ప్రతి గురుకులంలో, ప్రతి క్రీడా పాఠశాలలో ఈ విషయం వినడానికి ఒక మహిళా కోచ్ లేదా నర్సు ఉండాలి.

బూట్ల సంగతి కూడా చూడాలి. అన్న వాడి వదిలేసిన సైజు పెద్ద బూట్లతో, లేదంటే వట్టి కాళ్లతో ఆడే అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు. సరైన కొలత బూట్లు, స్పోర్ట్స్ బ్రా కిట్‌లో భాగం కావాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు జూన్‌లో బడులు తెరిచేలోపు చేయగల పనులున్నాయి. పీఈటీలందరికీ ఈ వార్మప్‌లో రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. స్కూల్ గేమ్స్ జట్లకు దాన్ని తప్పనిసరి చేయాలి. జిల్లాకు ఒక ఫిజియోను నియమించి, ఎంఆర్ఐ ఖర్చు తల్లిదండ్రుల మీద పడకుండా చూడాలి. మండల స్థాయి నుంచి ప్రతి పోటీలో అయ్యే గాయాన్ని అమ్మాయి వయసు, ఆట, గాయమైన తీరుతో సహా రిజిస్టరులో రాయించి, ఏటా ఆ లెక్కను బయటపెట్టాలి. విద్యా శాఖ, క్రీడా శాఖ కలిసి ఒక్క ఉత్తర్వు ఇస్తే ఈ పనులు మొదలవుతాయి. ఆ ఉత్తర్వు ఈ వేసవిలోనే రావాలి.